పిచ్చుక కనపడలేదని కూడా తెలియాలి

విజయవాడలో గుణదల మేరీమాత తిరునాళ్లు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరుగుతాయి. ఆ మూడు రోజులూ కొండ కింద కాలు పెట్టే చోటుండదు. మైకులు, కొవ్వొత్తులు, తలనీలాలు, కొండమీది శిలువ దాకా మెట్ల మీద బారులు. జనం తిరుగుముఖం పట్టాక మిగిలిన కొబ్బరి ముక్కల మీద కాకులు, గోరువంకలు వాలతాయి. ఆ తర్వాత వచ్చే మొదటి శుక్రవారం నుంచి సోమవారం వరకు, నాలుగు రోజులపాటు, ప్రపంచమంతటా జనం పక్షులను లెక్కపెడతారు. 1998లో అమెరికాలో పెరటి పక్షుల గణనగా మొదలైన ఈ పనిలో 2013 నుంచి మన దేశమూ ఉంది. ఒకచోట కనీసం పావుగంట ఉండి, కనపడినవీ వినపడినవీ రాసుకుని ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయడమే అందులో మన వంతు. తిరునాళ్లు తెలిసిన ఊరికి ఈ తేదీని వేరే గుర్తుచేయనక్కర్లేదు.

మన ఊళ్లో ప్రాణులంటే ప్రేమ తక్కువని నేననుకోను. ఎండాకాలం మేడల మీద నీళ్ల మూకుళ్లు పెడతాం. పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు కట్టడం డెల్టా ఇళ్లలో పాత అలవాటు. మనకు లేనిదల్లా లెక్క. ‘మా చిన్నప్పుడు ఏలూరు కాలువ గట్టున ఎన్ని లకుముకి పిట్టలుండేవో’ అంటాం. ఎన్ని? ఏ నెలలో? ఏ వంతెన దగ్గర? అడిగితే నాతో సహా ఎవరి దగ్గరా జవాబుండదు. అందుకే గట్టు వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేటప్పుడు, పార్కులో మట్టి కప్పేసి టైల్స్ పరిచేటప్పుడు మన మాట చెల్లదు. ఇంజినీరు దగ్గర అంచనాల కాగితం ఉంటుంది, మన దగ్గర బెంగ మాత్రమే ఉంటుంది. కాగితం ముందు బెంగ ఎన్నడూ గెలవదు.

పిచ్చుక సంగతే చూడండి. సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని ఇంటింటా చెప్పుకుంటారు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక వేరే మాట చెప్పింది. దాదాపు 15,500 మంది పంపిన కోటికి పైగా నమోదులను జల్లెడపట్టి తయారుచేసిన నివేదిక అది. దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉందని, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతోందని తేల్చింది. టవర్లే కారణమనడానికి ఆధారం దొరకలేదంది. పిల్లలకు పెట్టే పురుగులు కరువవడం, గూటికి సందులు లేకపోవడం వంటి కారణాల వైపు వేలు చూపింది. ఇది చిన్న తేడా కాదు. తప్పు టవర్లదైతే మనం చేయగలిగింది లేదు. గూటి చోటూ పురుగులూ కారణమైతే, మందు కొట్టని పొద ఒకటి పార్కులో వదలడం, గోడలో కాస్త సందు ఉంచడం మన చేతిలో పనే.

2023లో వచ్చిన తర్వాతి నివేదికకు 30 వేల మందికి పైగా లెక్కలు పంపారు. అందులో నా మనసును పట్టుకున్నది పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూడనిదే పండగ పూర్తయినట్టు కాదనుకునే వాళ్లం మనం. ఉమ్మడి రాష్ట్రానికి అది రాష్ట్ర పక్షి. విడిపోయాక తెలంగాణ దాన్ని ఉంచుకుంది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దేశంలో పన్నెండేళ్లలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయని నివేదిక చెప్పింది. పూర్తిగా మాయమైపోలేదు, ఇప్పటికీ తీగల మీద కనపడుతూనే ఉంటుంది. అందుకే ఆ తగ్గుదల మామూలు కంటికి ఆనదు.

మరి లెక్కకు ఎలా ఆనింది? కిటుకు పూర్తి జాబితాలో ఉంది. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ, కాకితో సహా, వదలకుండా రాయాలి. అలాంటి వంద జాబితాల్లో పిచ్చుక ఎన్నిట్లో ఉందన్నదే కొలత. అలా రాసినప్పుడు జాబితాలో లేని పక్షి కూడా సమాచారమే అవుతుంది. అరుదైనది కనపడిన రోజే ఫొటో పెడితే ఈ కొలత కుదరదు. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. గుణదల కాలువ పక్కన చెత్త దిబ్బ మీద వాలే కొంగను ఎవరూ రాయరు. కానీ నగరం ఆరోగ్యం చెప్పేది ఆ కొంగే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన చేపల కోసం ఎన్ని కొంగలు చేరాయి, నీళ్లు వదిలాక ఎన్ని మిగిలాయి అన్నది నాలుగేళ్లు వరసగా రాస్తే, కాలువ నీటి గురించి ఆ లెక్కే ఎంతో చెబుతుంది.

రాసిన జాబితా ఎందుకు పనికొస్తుందో 2025లో హైదరాబాద్‌లో చూశాం. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడంపై వివాదం రేగినప్పుడు విద్యార్థులూ పక్షి ప్రేమికులూ వట్టి చేతులతో నిలబడలేదు. ఆ ప్రాంతంలో 200కు పైగా పక్షి జాతులు ఉన్నాయన్న నమోదులు అప్పటికే ఉన్నాయి. అది బీడు భూమి అన్న వాదనకు ఎదురుగా పెట్టడానికి పేర్లున్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. ఆ ఉత్తర్వుకు జాబితాలే కారణమని నేననను. కానీ బుల్‌డోజర్ వచ్చిన రోజున రాయడం మొదలుపెడితే అలాంటి జాబితా తయారు కాదు. దానికి ఏళ్లు పడుతుంది. గుణదల కొండకు, లయోలా కళాశాల చెట్లకు, రాఘవయ్య పార్కుకు అలాంటి ఏళ్ల లెక్కను ఇప్పుడే కూడబెట్టాలి.

జనమే ఇలా లెక్కలు రాసే పనిని సిటిజన్ సైన్స్ అంటారు. అందులో ‘పౌరుడు’ ఎవరన్నది తేల్చుకోవాలి. సిటిజన్ సైన్స్‌ను పౌరశాస్త్రం అంటే బడి పాఠం గుర్తొస్తుంది. జనం లెక్క అంటే నాకు సరిగ్గా అనిపిస్తుంది. పెద్ద కెమెరా ఉన్నవాడి లెక్కే అయితే అది జనం లెక్క కాదు. పార్కు తోటమాలికి పైడికంటి ఏ తొర్రలో ఉందో తెలుసు. కాలువలో వల వేసేవాడికి బుడబుంగ మునిగి ఎక్కడ లేస్తుందో తెలుసు. జెముడుకాకి, గిజిగాడు, తీతువు అన్న పేర్లు వాళ్ల నోట బతికే ఉన్నాయి. తెలుగు పేర్లతో, బొమ్మలతో ఒక్క కాగితం అచ్చువేసి ఇస్తే వాళ్లు గీతలు పెట్టగలరు. కళాశాల విద్యార్థి ఆ గీతలను ఫోన్లోకి ఎక్కించగలడు. పొరపాట్లు వస్తాయి. చిన్న తెల్లకొంగనూ పశువుల కొంగనూ కలిపేస్తారు. అందుకే ఈ-బర్డ్‌లో అనుమానం కలిగించే నమోదులను తిరిగి చూసే స్వచ్ఛంద పరిశీలకులు ఉన్నారు. అసలు చిక్కు వేరే చోట ఉంది. జనం నడిచే చోటే లెక్క ఉంటుంది. లయోలా చెట్ల కింద పది జాబితాలు వచ్చి, సింగ్‌నగర్ నుంచి ఒక్కటీ రాకపోతే, సింగ్‌నగర్‌లో పక్షులే లేవని పటం అబద్ధం చెబుతుంది. గూళ్ల చోట్లు బయటపెట్టకూడదన్న నియమం కూడా గట్టిగా పాటించాలి. రామచిలుక పిల్లలను తొర్రల్లోంచి తీసి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

లెక్క పక్షులతో ఆగకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. అలాంటి వరదలో పాములు ఇళ్ల వైపు రావడం సహజం. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరసకట్టారు. ఏ వారంలో ఏ వీధిలో ఏ పాము కనపడిందో రాసిన పుస్తకం ఉంటే విరుగుడు మందు సీసాలు ఎక్కడికి ముందు పంపాలో తెలిసేది. పాములు పట్టేవాళ్లకు వచ్చే ఫోన్లు రాసిపెట్టినా చాలు, సగం పుస్తకం తయారవుతుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ఆ కమిటీ స్థానికులతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఒకసారి రాసి బీరువాలో పెట్టే పుస్తకంగా దాన్ని చూడటమే మనం చేస్తున్న తప్పు. నగరపాలక సంస్థ ప్రతి మార్చిలో జనం లెక్కను ఆ రిజిస్టరులో చేర్చాలి. పార్కులోగానీ కాలువ గట్టునగానీ పని మొదలుపెట్టే ముందు ఆ పేజీని దస్త్రానికి జతచేయాలి. చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి ఇచ్చే అధికారి కూడా ఆ పేజీ చదివాకే సంతకం పెట్టాలి. లెక్క పట్టించుకునే చెయ్యి లేకపోతే రెండో ఏడాదికి రాసేవాళ్లు మిగలరు.

ఈసారి తిరునాళ్లు ముగిశాక వచ్చే శుక్రవారం తెల్లవారాక కొండ మెట్ల దగ్గర ఒకరు, ఏలూరు కాలువ వంతెన మీద ఒకరు, లయోలా చెట్ల కింద ఒకరు, బుడమేరు గట్టున తప్పకుండా ఒకరు నిలబడితే మొదటి పేజీ మొదలవుతుంది. పావుగంట చాలు. పిచ్చుక కనపడితే ఎన్ని కనపడ్డాయో రాయాలి. కనపడకపోతే, కనపడినవన్నీ వదలకుండా రాసి, జాబితా పూర్తయిందన్న చోట టిక్కు పెట్టాలి.