మిషన్ ముగిసింది సరే, మా కూడళ్ల సంగతేమిటి?

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు రాస్తున్నది.

2025 మార్చి 31తో స్మార్ట్ సిటీస్ మిషన్‌కు మీ శాఖ తెర దించింది. 2015లో ఆర్భాటంగా మొదలైన పథకం. వంద నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు పనిచేస్తున్నాయని పార్లమెంటుకు చెప్పారు. ఇక వాటిని పోషించేదెవరు? సర్వర్లు పాతబడితే, లైసెన్సుల గడువు తీరితే ఆ ఖర్చు మా ఇంటి పన్నులోంచి తీయాలా?

నా బాధ వేరు. కూడలిలో కెమెరా చూసినదాన్నంతా దూరాన ఉన్న ఒక గదికి చేరవేయడమే ఈ సెంటర్ల పద్ధతి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపినా ఒక్క కెమెరా నుంచే రోజుకు 40 జీబీ దాటుతుంది. సిగ్నల్‌కు కావలసిందల్లా ఏ వైపు ఎన్ని బండ్లు ఆగాయన్నదే. ఆ లెక్క స్తంభానికి బిగించిన చిన్న పెట్టెలోనే తేలిపోతుంది. ఇంజనీర్లు ఎడ్జ్ కంప్యూటింగ్ అంటున్నది దీన్నే. వీడియో అక్కడే చెరిపేసి అంకెలు మాత్రం పంపితే నెట్‌వర్కు మీద బరువు తగ్గుతుంది, దారిన పోయే మనిషి ముఖం ఊరేగదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు కదా, ప్రతి టెండరులో ఈ షరతు తప్పనిసరి ఎందుకు చేయలేదు?

అన్నీ దూరపు గదికే వదిలేసే ఈ పద్ధతి తుపాను వేళ మరీ ప్రమాదం. తుపాన్లు మాకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడితే కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అయినవాళ్లు ఎలా ఉన్నారో కనుక్కునే దారి లేక జనం అల్లాడారు. మళ్లీ అలాంటి రాత్రి గెడ్డ (వాగు) పొంగితే, నీటిమట్టం కొలిచే సెన్సర్ తెగిన కేబుల్ చివర ఎవరి అనుమతి కోసం కాచుకోవాలి? బ్యాటరీ మీద తనంతట తానే సైరన్ మోగించకూడదా? గెడ్డ గట్టున గుడిసెల్లో పడుకున్నవాళ్లకు ఆ కాసేపే కదా ప్రాణం?

2025 అక్టోబరులో గూగుల్ మా నగరానికి 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. సంతోషమే. అంత పెద్ద డేటా సెంటర్ రాబోయే ఊళ్లో కేబుల్ తెగితే కూడలి దిక్కులేనిదవడం మీకు సమ్మతమేనా?

రేపు మరో పేరుతో మరో పథకం రాక తప్పదు. దాని మొదటి గీతనైనా కంట్రోల్ రూమ్ గోడ మీద కాకుండా కూడలి దగ్గర, గెడ్డ గట్టు దగ్గర గీయమని వేడుకుంటున్నాను.