గుల్మార్గ్‌కు కావాల్సింది కింది వాలు

కశ్మీర్ టూర్‌కు వెళ్లొచ్చిన తెలుగు కుటుంబాల గుల్మార్గ్ ఫొటోలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దారిలోని టంగ్‌మార్గ్‌లో అద్దెకు తీసుకున్న కోటు, మోకాళ్లదాకా గమ్‌బూట్లు, వెనక గొండోలా క్యాబిన్. కాళ్లకు స్కీలు కట్టుకున్న ఫొటో అరుదు. ఉన్నా, అది కదలకుండా నిలబడి దిగిందే. స్కీయింగ్‌కు దేశంలోనే పేరుమోసిన చోటికి వెళ్లి అది తప్ప అన్నీ చేసి వస్తున్నారంటే, లోపం వెళ్లినవాళ్లది కాదు.

శ్రీనగర్‌కు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున ఉంది గుల్మార్గ్. అక్కడి కేబుల్ కారు, అంటే గొండోలా, మొదటి అంచె 1998లో, రెండోది 2005లో మొదలయ్యాయి. రెండూ ఎక్కితే అఫర్వత్ కొండ మీద, దాదాపు 3,950 మీటర్ల దగ్గర దిగుతారు. గాలి పలచన, వాలు నిటారు. ఆరితేరిన విదేశీ స్కీయర్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ మెత్తటి మంచు కోసమే. 2024 ఫిబ్రవరిలో మంచు చరియలు విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయిందీ ఆ కొండ మీదే. పిల్లలతో వెళ్లినవాళ్లకు అక్కడ పనేముంది? కాసేపు వణికి, నాలుగు ఫొటోలు దిగి, అదే గొండోలాలో కిందికి వచ్చేస్తారు.

కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోంబ్ స్కీ కేంద్రంలో లెక్క వేరు. 2010 వింటర్ ఒలింపిక్స్‌లో ఆల్పైన్ పోటీలు జరిగిన కొండ అది. రెండు శిఖరాలు, రెండు వందలకు పైగా దారులు. అయినా మూడు నాలుగేళ్ల పిల్లల కోసం వేరే చోటు ఉంది. విమానాశ్రయంలో సామాను కదిలే బెల్టులాంటి దాని మీద పిల్లలు నిలబడితే చాలు, చిన్న గట్టు మీదికి చేరతారు. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి ‘పిజ్జా’ ముక్కలా పెడితే ఆగుతారు. పక్కపక్కనే పెడితే ‘ఫ్రెంచ్ ఫ్రైస్’, జారిపోతారు. మొదటి పాఠం అంతే. దారులకు రంగులు: ఆకుపచ్చ తేలిక, నీలం మధ్యరకం, నలుపు ఆరితేరినవాళ్లకు. నెమ్మదిగా వెళ్లాల్సిన చోట దూసుకెళ్తే గస్తీ సిబ్బంది పాస్ లాక్కుంటారు.

విస్లర్ టికెట్ ధరలు మాత్రం మనకొద్దు. అక్కడి సామాన్యులకే గుండె గుభేలుమంటుంది.

గుల్మార్గ్‌లో వాలుకు కొరత లేదు. ఊరి నడుమనున్న మైదానం అంచులు నేర్చుకునేవాళ్లకు సరిగ్గా సరిపోతాయి. చిన్న లిఫ్టులూ కొన్ని ఉన్నాయి. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్లిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ టంగ్‌మార్గ్ ప్రాంతం వాడే. తండ్రికి గుల్మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉండటంతో నాలుగేళ్లకే స్కీలెక్కాడు. అలాంటి తండ్రి లేని పిల్లవాడికి ఆ అవకాశం కల్పించాల్సింది ప్రభుత్వమే. డబ్బు లేదనడానికి వీల్లేదు: గొండోలా ఏడాది రాబడి రూ.100 కోట్లు దాటింది. దాన్ని నడిపేది సర్కారు సంస్థే.

అసలు చిక్కు మంచుది. 2024 జనవరిలో మైదానం గోధుమరంగు గడ్డితో వెలవెలబోయింది. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు మార్చికి వాయిదా పడ్డాయి. విస్లర్ కింది వాలుల మీద మంచు తగ్గితే యంత్రాలు నీళ్లను చిమ్మి మంచు చేస్తాయి. వాటికి చలితోపాటు నీళ్లూ కరెంటూ దండిగా కావాలి కాబట్టి కొండంతా కప్పడం అయ్యే పని కాదు. నేర్చుకునే చిన్న వాలు వరకైతే లెక్కలు వేసి చూడొచ్చు.

ఇక స్లెడ్జ్ లాగేవాళ్ల సంగతి. పర్యాటకుణ్ణి చెక్కబల్ల మీద కూర్చోబెట్టి తాడుతో మంచులో లాక్కెళ్లే ఈ మనుషులు బేరాల దగ్గర విసిగిస్తారన్న ఫిర్యాదు పాతదే. కానీ ఆ మంచు గురించి వాళ్లకన్నా తెలిసినవాళ్లు ఎవరు? కేంద్ర పర్యాటక శాఖ స్కీయింగ్ శిక్షణ సంస్థ గుల్మార్గ్‌లోనే ఉంది. స్లెడ్జ్ లాగే కుర్రవాళ్లకు అక్కడ శిక్షకుల కోర్సు చెప్పించి, ఫీజు గొండోలా రాబడిలోంచి కట్టి, గంటకింతని రేటు బోర్డు మీద రాసిపెడితే వాళ్లకు బేరాలాడే పని తప్పుతుంది, పర్యాటకుల పిల్లలకు గురువులు దొరుకుతారు.