వేలిముద్ర తర్వాత, ముందు మా పిల్ల ఏ భాషలో చదివిందో చెప్పండి

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజు మా ఊళ్లో నాకు పని ఎక్కువ. డిగ్రీ చదివినోడు కదా, చదివి పెట్టమని తెస్తారు. పోయినసారి మా పెద్దమ్మ కూతురు తెచ్చింది. తల్లిదండ్రుల సంతకం అన్న గడిలో అక్క వేలిముద్ర అప్పటికే పడి ఉంది. "పెట్టమన్నారు, పెట్టిన. ఇందులో ఏముందో ఇప్పుడు చెప్పు తమ్ముడూ" అంది.

ముందు ముద్ర, తర్వాత సంగతి. మన అడవి భూముల కాగితాల మీద మన తాతలు ఇట్లాగే పెట్టారు.

పాప మూడో తరగతి. తెలుగు ఎదురుగా 'సి' అని ఉంది. కింద ఎర్ర ఇంకుతో "చదవడంలో వెనుకబడి ఉంది, తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలి" అని రాశారు. నేను కోయలో చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. పాప వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగి, "అయితే ఇది మొద్దుదా?" అని అడిగింది. ఒక్క అక్షరం ఎనిమిదేళ్ల పిల్ల మీద కన్నతల్లికే అనుమానం పుట్టించింది.

పాపను కూచోబెట్టి ఒక కాగితం మీద "తాత ఏరు దాటి వచ్చాడు" అని రాసిచ్చాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నెమ్మదిగానే చదివింది, కానీ తప్పు లేకుండా చదివింది. ఏరు అంటే ఏంది అని అడిగితే మూలనున్న నీళ్ల బిందె చూపించింది.

కోయ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మన భాషలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. పాప అక్షరాలు సరిగ్గా చదివింది, తనకు తెలిసిన భాషలో అర్థం కూడా సరిగ్గా చెప్పింది. పైగా, "నీళ్లు దాటడం ఏంది మామా, తాత బిందె దాటాడా?" అని నన్నే ఎదురు అడిగింది. చదివిన దాంట్లో ఎక్కడో పొసగలేదని పట్టుకోవడం కంటే పెద్ద చదువు మూడో తరగతిలో ఏముంటుంది? అదే బడిలో అయితే "ఏరు అంటే నీళ్లు" అన్న జవాబు తప్పు. గడిలో 'సి' పడుతుంది.

పక్కింటి పిల్లగాడిని కూడా పిలిచాను. వాడిదీ అదే తరగతి, కానీ కార్డులో 'ఏ'. అదే కాగితం ఇస్తే గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. ఎవరొచ్చార్రా అంటే నేల చూపులు. దాటడమంటే ఏంది? జవాబు లేదు. అక్షరాన్ని శబ్దంగా మార్చడం వాడికి బ్రహ్మాండంగా వచ్చు. ఆ శబ్దం వెనుక ఒక తాత ఉన్నాడని, ఒక వాగు ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. నాకు పాప కంటే వీడి గురించే భయం ఎక్కువ. ఎందుకంటే 'సి' వచ్చిన పిల్ల గురించి కనీసం తల్లి దిగులు పడుతుంది. 'ఏ' వచ్చిన పిల్లగాడి ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. వాడు ఆశ్రమ పాఠశాలకు వెళ్లి, సైన్స్, సాంఘికం పుస్తకాలు ముందేసుకున్న రోజున ఆ సంతోషం ఏమవుతుందో నేను చూశాను. నా తరగతిలో అట్లాంటి వాళ్లు తొమ్మిదో తరగతి దాటలేదు.

అంటే రెండు కార్డులూ అబద్ధమే చెప్పాయి. ఇది ఒక టీచర్ తప్పు అని నేను అనట్లేదు. కొలబద్దే అట్లా చేశారు.

2021 జూలైలో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, 2026-27 కల్లా ఇది సాధించాలి అన్నారు. మంచి మాటే. దాని కొలత ఏంటంటే, రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతిలో కనీసం 60 మాటలు. అర్థంతో అని కూడా రాశారు. కానీ గడియారం పెట్టి మాటలు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. కోయ పిల్లకు అర్థమైందో లేదో తెలియాలంటే ఆ పిల్లతో కోయలో మాట్లాడేవాళ్లు కావాలి. ఉన్నచోట ఉన్నారు, లేనిచోట లెక్కే మిగులుతుంది.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల చదువు మీద దేశమంతా సర్వే చేసింది. ఏ భాషలో ఎంత చదివితే చాలో 20 భాషలకు విడివిడిగా లెక్క కట్టింది. ఆ ఇరవైలో తెలుగు ఉంది. గారో ఉంది, ఖాసీ ఉంది, మిజో ఉంది, బోడో ఉంది. గోండీ లేదు, కోయ లేదు, కువి లేదు, సవర లేదు. ఆదివాసీ భాషల్లో పరీక్ష పెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే ఆ జాబితా చూపించండి. ఈశాన్యంలో సాధ్యమైంది. అక్కడ వాళ్ల చేతిలో రాష్ట్రాలు, స్వయంపాలన మండళ్లు ఉన్నాయి. మన చేతిలో ఐదో షెడ్యూల్ ఉంది, అది కాగితంగానే ఉంది.

మన దగ్గర ప్రయత్నమే జరగలేదా? జరిగింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలోనే ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు మొదలయ్యాయి, తెలుగు లిపిలో. కోయ కూడా అందులో ఉంది. అప్పటికి మా మండలాలు ఖమ్మం జిల్లాలో ఉన్నాయి. నేను చిన్నప్పుడు ఆ పుస్తకాలను చూసింది బీరువా అద్దంలోంచి. తాళం పంతులు గారి దగ్గర ఉండేది. పాడవుతాయని తీసేవాళ్లు కాదు. మాకు పరీక్ష మాత్రం తెలుగులోనే, కార్డులో గడి తెలుగుకే. ఇంక కోయ పుస్తకానికి బీరువా కాక ఏం దక్కుతుంది? ఏ చదువుకు కార్డులో గడి లేదో ఆ చదువును బడి చెప్పదు. అందుకే పుస్తకాల కంటే ముందు నేను కార్డు గురించి కొట్లాడమంటున్నా.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం, ఎందుకంటే మన వాళ్లలో చాలామంది కార్డు అంటే బడి మనకు చేసే మేలు అనుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి పిల్ల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వాళ్లకు తెలియజేయడం టీచర్ విధి. తెలియజేయడం అంటే కాగితం చేతిలో పెట్టడం కాదు. విన్నవాళ్లకు తెలియాలి. 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలంటుంది. రాజ్యాంగం 350ఏ అధికరణం, 1956లో చేర్చింది, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించమంటుంది. 1956 అంటే మా తాత పిల్లగాడుగా ఉన్నప్పుడు.

మరి ఆ ఎర్ర ఇంకు వాక్యం మళ్లీ చదవండి. "తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలి." బడి తన పని గురించి మనకు చెప్పాల్సిన లెక్క ఇది. దాన్ని తిప్పి మన మీద, మన పిల్ల మీద నేరం మోపే కాగితం చేశారు. కింద మన వేలిముద్ర. అంటే నేరం మనమే ఒప్పుకున్నట్టు.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, అందరికీ భోజనం. పనిదినం పోగొట్టుకుని, కొందరు వాగులు దాటుకుని వచ్చారు. తల్లిదండ్రుల్ని బడిలోకి పిలవడం తప్పని నేను అనను, చాలామంది తల్లులు బడి లోపల కుర్చీలో కూచోవడం నేను ఆ రోజే చూశాను. కానీ నేను వెళ్లిన చోట ఒక్క పిల్ల చేత కూడా తల్లి ముందు ఒక్క వాక్యం చదివించలేదు. ఫోటోలు మాత్రం బాగా తీశారు.

టీచర్ల వైపు నుంచి ఒక మాట. మా పక్క ఊరి బడిలో ఐదు తరగతులకు ఒక్కరే. పొద్దున హాజరు ఫోటో, తర్వాత భోజనం యాప్, తర్వాత మార్కుల అప్‌లోడ్. ఆ మనిషి ఒక్కో పిల్ల పక్కన కూచుని చదివించుకునే తీరిక ఏది? ఇంకో సంగతి కూడా మరిచిపోవద్దు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న జీవో నంబర్ 3, 2000 జనవరిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల సంగతిగానే మాట్లాడుకున్నాం, ధర్నాలు కూడా అట్లాగే చేశాం. అది చదువు సంగతి కూడా. పాప "ఏరు అంటే నీళ్లు" అన్నప్పుడు అది తప్పు కాదని తెలిసిన చెవి ఆ తరగతి గదిలో ఉంటుందా ఉండదా అన్న సంగతి.

ఇక మనవాళ్లే అనే మాట ఉంది: "కోయలో చదివి ఏం చేస్తారు? ఇంగ్లీషు కావాలి." ఇది అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. భద్రాచలంలో డిగ్రీ చదివేటప్పుడు ఇంగ్లీషు రాక నేను పడ్డ అవమానం నాకు తెలుసు. ఈ వ్యాసం కూడా తెలుగులోనే రాస్తున్నా. తెలుగు వద్దు, ఇంగ్లీషు వద్దు అని ఎవరూ అనట్లేదు. అక్షరానికి అర్థం ఉంటుందన్న సంగతి పిల్లకు మొదట తనకు తెలిసిన మాటలతోనే తెలుస్తుంది. లిపి ఎలాగూ తెలుగుదే, అదే పిల్ల రేపు తెలుగులోకి, ఎల్లుండి ఇంగ్లీషులోకి నడుస్తుంది. ఇప్పుడు జరుగుతోంది ఏంటంటే, తెలియని భాష మోయలేకపోతోందని పిల్లను చదవలేనిదిగా రాస్తున్నారు. చదవడం రాకపోవడం వేరు, తెలుగు రాకపోవడం వేరు. కార్డులో రెండింటికీ గడి ఒక్కటే.

ఒక్కచోట మాత్రం నాకు నచ్చిన పద్ధతి చూశాను. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే. వాళ్లు ఇంటికి వస్తారు, ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. పిల్ల ఎక్కడి దాకా చదివితే అక్కడిది దాని మెట్టు. గుమ్మంలో నిలబడ్డ తల్లికి చదువు రాకపోయినా తన పిల్ల ఎక్కడ ఆగిందో కళ్లారా చూస్తుంది. గ్రేడు లేదు, ఎర్ర ఇంకు లేదు. మన దగ్గర ఆ కాగితం తెలుగులో ఉంటుంది, అది వాళ్లకున్న లోటు. కానీ పద్ధతి మనం తీసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తీసుకుందాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్, డిగ్రీ అయిపోయి ఫోన్ పట్టుకు కూచున్నవాళ్లందరికీ చెబుతున్నా. ఒక సాయంత్రం మీ ఊళ్లో మూడో తరగతి దాకా ఉన్న పిల్లలను కూచోబెట్టండి. మన భాషలో ఒక నాలుగు వాక్యాలు తెలుగు లిపిలో మీరే రాయండి, అంతే కష్టమైనవి తెలుగులో నాలుగు. తల్లుల ముందు చదివించండి. ఏది చదివారు, దేన్ని తమ మాటల్లో తిరిగి చెప్పారు అన్నది పేరు పేరునా రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే పేరెంట్స్ మీటింగుకు వెళ్లండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ కమిటీలో ఉన్న మీ అత్తనో బాబాయినో ముందు మాట్లాడనివ్వండి, మీరు వెనక నిలబడండి. అడిగేది ఏమంటే, ఈ పిల్లను ఏ భాషలో చదివించి ఈ గ్రేడు వేశారు? మా ముందు ఒకసారి చదివించండి. పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో గ్రేడుతో కాదు, మాటలతో చెప్పండి. అది మా భాషలో చెప్పేవాళ్లను పిలవండి. కార్డులో మా భాషకు ఒక గడి పెట్టండి. గడి పెట్టడం బడి చేతిలో లేదంటే ఆ మాటే రాసివ్వమనండి, ఐటీడీఏ దాకా తీసుకెళ్దాం. సామాజిక రంగాల సంస్థల మీద, అందులో పనిచేసేవాళ్ల మీద అదుపు గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. గ్రామసభలో తీర్మానం కూడా పెడదాం.

అప్పటి దాకా వేలిముద్ర ఆపమని మా ఊళ్లో తల్లులకు చెప్పాను. అక్క ఒప్పుకుంది. కాకపోతే ఇంటికి వెళ్తూ ఆగి, "ముద్ర పెట్టకపోతే పిల్లకు భోజనం ఆపరు కదా?" అని అడిగింది. ఆపరు, ఆపడానికి వాళ్లకు హక్కు లేదు అని చెప్పాను. నమ్మినట్టే తలూపింది. మీటింగు రోజు నేను కూడా పక్కన ఉండాలని మాట తీసుకుంది.