తమ్ముడి స్విచ్, నా పార్టిషన్

మా హాస్టల్లో నింటెండో స్విచ్ పేరెత్తితే వచ్చే మొదటి ప్రశ్న "క్రాక్ చేశావా?" అనే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సొంత కోడ్ నడుపుకోవడానికి కన్సోల్‌లో కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసుకోవడం తప్పు కాదు. వేరే పార్టిషన్ చేసుకోకుండా వేయడం మాత్రం తెలివితక్కువ పని. ఆ కన్సోల్ ఎవరిదో వాళ్లని అడక్కుండా వేయడం తప్పు. పార్టిషన్ విషయంలో నేను జాగ్రత్తపడ్డా. అడిగే విషయంలో తప్పు చేశా.

మా చిన్నాయన కువైట్‌లో పనిచేస్తాడు. కడప వైపు చాలా ఇళ్లలో ఇది మామూలే. సెలవుకి వచ్చినప్పుడు వాళ్లబ్బాయికి ఒక సెకండ్ హ్యాండ్ స్విచ్ తెచ్చాడు. ఎండాకాలం సెలవుల్లో దాని సీరియల్ నంబర్ చూస్తే అది తొలి బ్యాచ్‌ల్లోది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ బ్యాచ్‌ల టెగ్రా ఎక్స్1 చిప్‌లో ఒక లోపం ఉంది, 2018 ఏప్రిల్‌లో 'ఫ్యూజే జెలే' పేరుతో బయటపడింది. అది బూట్ రోమ్‌లో ఉంది కాబట్టి అమ్మేసిన మెషీన్లలో ఏ అప్‌డేటూ దాన్ని సరిచేయలేదు.

నాకు ఫ్రీ గేమ్స్ అక్కర్లేదు. స్విచ్ సెట్టింగ్స్‌లో ఉన్న భాషల్లో తెలుగు లేదు. నేను రాసిన చిన్న ప్రోగ్రామ్‌తో ఆ తెర మీద తెలుగు అక్షరాలు చూడాలని ఆశ, అంతే. కంపెనీ ఒప్పుకున్న డెవలపర్ అయితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. డబ్బు పెట్టి కొన్న మెషీన్‌లో మన కోడ్ నడవకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే "పార్టిషన్ ఎందుకు మామా, డైరెక్టుగా వేసెయ్" అన్నాడు. నాకు మా జేజినాయన గుర్తొచ్చాడు. ఎంత కరువైనా విత్తనం శనక్కాయల మూట మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. తినేవి వేరు, విత్తేవి వేరు.

పార్టిషన్ చేసేదీ అదే. స్విచ్ లోపల 32 జీబీ మెమరీ ఉంటుంది. సిస్టమ్, సేవ్ అయిన ఆటలు అన్నీ అందులోనే. హెకటే అనే బూట్‌లోడర్ ఎస్‌డీ కార్డులో దాదాపు 30 జీబీ విడదీసి, ఆ మెమరీ మొత్తాన్ని అక్కడికి కాపీ చేస్తుంది. దీన్నే ఎము‌ఎంఎంసీ అంటారు. అట్మాస్ఫియర్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ ఆ కాపీ మీద నడుస్తుంది. సిస్టమ్ రాసేదంతా కార్డులోకి పోతుంది, అసలు మెమరీ కదలదు. పార్టిషన్ బదులు ఆ కాపీని మామూలు ఫైళ్లుగా కూడా పెట్టుకోవచ్చు. కానీ కార్డులోని ఫైల్ సిస్టమ్ పాడైతే అదీ పోతుంది. అందుకే నా ఓటు పార్టిషన్‌కే. దానికంటే ముందు అసలు మెమరీని కంప్యూటర్లోకి బ్యాకప్ తీసుకోవాలి.

మూడో రాత్రి ఏదో మాడ్యూల్ తప్పుగా పెట్టి కాపీని బూట్ కాకుండా చేశా. గుండె జారిపోయింది. కార్డు తీసి మామూలుగా ఆన్ చేస్తే, తమ్ముడి ఆట వాడు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది. కాపీ చెరిపేసి మళ్లీ చేసుకున్నా. ఇంకో రెండ్రోజులకి తెర మీద 'కర్నూలు' అని వచ్చింది, కానీ ర ఒకచోట, పొల్లు ఒకచోట, నూ ఒకచోట. హార్ఫ్‌బజ్ లైబ్రరీ కలిపాక న ఒత్తు దాని చోట్లో కుదురుకుంది.

సంతోషంగా తమ్ముడికి చూపించా. వాడు తెర చూడలేదు. "అన్నా, నన్ను అడిగినావా?" అన్నాడు.

"నీది ముట్టుకోలేదు రా, వేరే పార్టిషన్" అన్నా. అది సగం నిజమే. మెమరీ రెండైనా కన్సోల్ ఒక్కటే. సీరియల్ నంబర్, సర్టిఫికెట్ రెండింట్లోనూ అవే. కాపీలోకి ఇంటి వై-ఫై పాస్‌వర్డ్ కూడా వచ్చేస్తుంది. పొరపాటున అక్కడి నుంచి నింటెండో సర్వర్లకి కనెక్ట్ అయి దొరికితే, నిషేధం పడేది కార్డు మీద కాదు, కన్సోల్ మీద. వాడు ఫ్రెండ్స్‌తో ఆడే ఆన్‌లైన్ ఆట పోతుంది. నేను వై-ఫై ఆపేశా, సీరియల్‌ను దాచే సెట్టింగ్ కూడా పెట్టా. అయినా రిస్క్ వాడిది, నిర్ణయం నాది. అది న్యాయం కాదు.

ఒకప్పుడు ఇలాంటి వేరే గదిని కంపెనీయే ఇచ్చేది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో 'అదర్ ఓఎస్' ఉండేది. హార్డ్ డిస్క్‌లో కొంత భాగం విడదీసి లినక్స్ వేసుకోవచ్చు. 2010లో అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్3లతో ఏకంగా సూపర్ కంప్యూటరే కట్టింది. అదే ఏడాది ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో సోనీ ఆ సదుపాయం తీసేసింది. అప్‌డేట్ వద్దనుకున్నవాళ్లకి ఆన్‌లైన్ ఆట పోయింది. కొన్నవాళ్లని అడక్కుండా వాళ్ల మెషీన్‌ని మార్చారని ఈ కథ చదివినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. తమ్ముడికి నేను చేసింది దాదాపు అదే.

ఇక "అందరూ గేమ్స్ దించుకుంటున్నారు కదా" అనేవాళ్లకి ఒక మాట. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం దాటితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసమైతే ఆ సెక్షన్ అడ్డురాదు. అంటే అసలు ప్రశ్న ఎందుకు తెరిచామన్నదే. దొంగ గేమ్‌ని వేరే పార్టిషన్‌లో పెట్టినంత మాత్రాన అది కొన్న గేమ్ అయిపోదు.

తమ్ముడు రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: కార్డు వాడి దగ్గరే ఉంటుంది, కావాలంటే అడిగి తీసుకోవాలి. దసరా సెలవులకి ఇంటికి వెళ్తున్నా. ఈసారి ముందు అడుగుతా.