కట్ట కింద ఎవరున్నారు?

పోయినేడు మా అమ్మాయి దగ్గరికి అమెరికాలో జార్జియా వెళ్లాను. వాళ్ల కాలనీ వెనక చక్కని చెరువుంది. చేపలు పట్టుకోడానికీ, పడవల్లో తిరగడానికీ కట్టుకున్నది. కాలనీవాళ్లదే సొంతం. కట్ట మీద చెట్లు కొట్టించి, ఇంజనీరుకి చూపించాలి, ఇంటికింత వేసుకుందామని మీటింగులో అన్నారట. "మళ్లీ ఖర్చా!" అని విసుక్కుంది మా అమ్మాయి.

"కట్ట కింద ఎవరున్నారే?" అనడిగాను. తనకి తెలీదు!

ఆ రాష్ట్రంలోనే టొకోవా ఫాల్స్ దగ్గర 1977 నవంబరు 6న, అర్ధరాత్రి దాటాక ఓ పాత మట్టికట్ట తెగింది. ఒకప్పుడు కరెంటు తీసేవారు. 1957లో అది మానేశాక విహారానికే మిగిలింది. కింద కాలేజీ ఆవరణలో 39 మంది చనిపోయారు. మరుసటి ఏడు జార్జియా కట్టల భద్రతకి చట్టం చేసింది. ప్రాణాలు పోయాకే!

పెన్సిల్వేనియాలో అయితే 1889 మే 31న జాన్స్‌టౌన్ ఊరే కొట్టుకుపోయింది. 2,209 మంది పోయారు. ఆ కట్ట ధనవంతుల క్లబ్బుది. బగ్గీలు పోవాలని కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు జారిపోకుండా అలుగుకి జాలీ బిగించారు. అడుగున నీళ్లు వదిలే గొట్టాలు అంతకుముందే ఎవరో తీసేస్తే, తిరిగి వేయించలేదు. కోర్టులు క్లబ్బుని బాధ్యుల్ని చేయలేదు. దైవఘటన అన్నారు.

మన దగ్గరా ఇప్పుడు రిసార్టులూ, ఫామ్‌హౌసులూ వాగులకి కట్టలు వేసుకుంటున్నాయి. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన వాటికీ, 10-15 మీటర్ల మధ్య కొన్నింటికీ మాత్రమే. చిన్న కట్టలు దాని కిందకి రావు. వెనకటికి ఊరి చెరువుకైనా నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, కట్ట చూడడం అతని పని. ఈ కట్టలకి ఎవరున్నారు?

చెట్ల వేళ్లు కుళ్లితే కట్టలోపల నీటికి దారి ఏర్పడుతుంది. కట్ట కింద చెమ్మ ఊరినా, ఎలుక బొరియలు కనిపించినా, అలుగుకి చెత్త అడ్డం పడినా వెంటనే చూడాలి. ఇవి కనిపెట్టడానికి మన కళ్లు చాలు. సరిచేయించడానికి మాత్రం ఇంజనీరు కావాలి. ఏడాదికోసారి చూపించాలని ప్రభుత్వమే నియమం పెట్టాలి. చెరువు సొంతమే కావచ్చు, తెగితే పోయే ప్రాణాలు ఎవరి సొంతం?

మర్నాడు మేమిద్దరం కట్ట దిగి చూశాం. నాలుగిళ్లు, ఓ పెరట్లో పిల్లల ఉయ్యాల. మా అమ్మాయి ఇంటికొచ్చి, మాట్లాడకుండా చెక్కు రాసింది.