గాజు గోడల కింద ఎవరి ఇళ్ళు?

అమెరికాలో డెట్రాయిట్ నగరం నడిబొడ్డుకు దగ్గరలో లఫాయెట్ పార్క్ ఉంది. మీస్ వాన్ డెర్ రోహే గీసిన ఉక్కు, గాజు ఇళ్ళు, లుడ్విగ్ హిల్బర్సైమర్ వేసిన ప్లాను, ఆల్ఫ్రెడ్ కాల్డ్‌వెల్ పెంచిన చెట్లు. కట్టడం 1950ల చివర్లో మొదలైంది. వరస ఇళ్ళను సహకార సంఘాలు నడుపుతాయి. ఇల్లు సంఘానిది. సభ్యులు వాటా కొనుక్కుని, నెలనెలా ఖర్చుల్లో తమ వంతు కట్టి ఉంటారు. 2015లో దీనికి జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన బతికిన చోటని రాస్తారు. అది నిజమే. (మీస్ ప్రతిభ గురించి ఇంత రాసేవాళ్ళకి, జర్మనీలో అతనితో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన లిలీ రైష్ ఎంత అరుదుగా గుర్తొస్తుందో!)

ఆ నేల మీద అంతకు ముందు బ్లాక్ బాటమ్ ఉండేది. ఆ పేరు మనుషుల రంగును బట్టి వచ్చింది కాదు, నల్లటి సారవంతమైన మట్టిని చూసి ఫ్రెంచివాళ్ళు పెట్టింది. వేరే పేటల్లో ఇల్లు దొరకనివ్వని నల్లజాతి వాళ్ళు వేలాదిగా అక్కడ తలదాచుకున్నారు, ఎక్కువమంది అద్దెలకి. 1949 గృహనిర్మాణ చట్టం 'మురికివాడల' తొలగింపుకు నగరాలకు డబ్బిచ్చింది. 1950ల మొదట్లో ఇళ్ళు కూల్చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ నేల పిచ్చిమొక్కలు మొలిచి ఖాళీగా పడి ఉంది! అంత తొందరపెట్టి మనుషుల్ని వెళ్ళగొట్టింది దీనికా? వెళ్ళినవాళ్ళు అప్పటికే కిక్కిరిసిన పన్నెండో వీధి వంటి చోట్ల సర్దుకున్నారు. 1967 తిరుగుబాటు రాజుకుంది ఆ వీధిలోనే.

బస్తీల కూల్చివేతలప్పుడు బుల్‌డోజర్ ముందు నిలబడ్డ మనకి 'మురికివాడ' అనే మాట ఎవరి నోట, ఎప్పుడు పుడుతుందో తెలుసు. కుళాయి వెయ్యాల్సినవాడు వెయ్యడు, తర్వాత నీళ్ళు లేవని ఇల్లే పడగొడతాడు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆడవాళ్ళ గురించి. 1930లో ఫానీ పెక్ 50 మంది స్త్రీలతో డెట్రాయిట్ గృహిణుల సంఘం పెట్టింది. నల్లవాళ్ళ దుకాణాల్లో, నల్లవాళ్ళకి ఉద్యోగాలిచ్చే చోట కొనమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. కొన్నేళ్ళలోనే సభ్యులు వేలల్లోకి పెరిగారు. హేస్టింగ్స్ వీధి దుకాణాలు నిలబడింది ఇలాంటి ఆడవాళ్ళ సంచుల్లోని చిల్లర మీద. పరాయి ఇళ్ళలో చాకిరీ చేసొచ్చి, తమ గదుల్లో అద్దెకున్నవాళ్ళకి వండిపెట్టి, ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకున్న ఈ బతుకు సహకారం కాదా? దానికి వాటా పత్రం లేదు. అందుకని పరిహారం లెక్కలోకీ, చరిత్రలోకీ రాలేదు. హేస్టింగ్స్ వీధి కూడా తర్వాత క్రిస్లర్ ఫ్రీవే కింద పోయింది.

కొత్త సంఘంలో వాటా కొనాలన్నా డబ్బో, అప్పో కావాలి. ఆడదానికి భర్త సంతకం లేనిదే అప్పివ్వమనకుండా బ్యాంకుల్ని కట్టడి చేసిన చట్టం వచ్చింది 1974లో. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో లింగవివక్షను నిషేధించిందీ ఆ ఏడాదే. అంతదాకా ఒంటరి నల్లజాతి స్త్రీకి ఆ గాజు తలుపులు ఏ మేరకు తెరుచుకుని ఉంటాయి?

సహకార పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. లఫాయెట్ పార్క్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది గాజు కాదు, అదే. ఇంటి మీద హక్కునీ, దాని నిర్వహణనీ ఉన్నవాళ్ళ చేతికే ఇచ్చింది. నా తగాదా అది ఎవరికి దక్కిందన్న దాని మీద.

ఈ తగాదా పాతబడలేదు. ఆ ఫ్రీవేలో ఒక భాగాన్ని తీసేసి మామూలు వీధి చెయ్యడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం పది కోట్ల డాలర్లకు పైగా ప్రకటించింది. పని ఎప్పుడు జరిగినా కొంత నేల బయటపడుతుంది. వేలం పాటకి పెడితే మళ్ళీ డబ్బున్నవాడిదే. సహకార సంఘాలకివ్వాలి. తొలి వాటాలు బ్లాక్ బాటమ్ నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలకి, అందులోనూ ఆడవాళ్ళ పేరున, అప్పు పత్రం అడక్కుండా రాయాలి.