చేయి చేసుకొనే పిల్లవాడు



గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లినా, ఒక తల్లి మందిరం అరుగు మీదనే కూర్చుండిపోయింది. ఆమె కొడుకు ఒకటవ తరగతి చదువుతున్నాడు. ఆ ఉదయమే సండేస్కూలులో పక్క పిల్లవాని చెవి కొరికాడు. అంతకు ముందు వారం పలకతో మరొకని నుదురు పగులగొట్టాడు. "అయ్యగారూ, వీడు కూడా మా తమ్ముడిలాగే అయిపోతాడేమోనని భయంగా ఉందండీ" అన్నది.

ఆ తమ్ముణ్ణి మేము ఎరుగుదుము. పదకొండేండ్ల వయస్సులో అతడు మా సండేస్కూలులోనే ఉండేవాడు. తోటి పిల్లలను కొడుతున్నాడని ఫిర్యాదులు వస్తే, "వచ్చే వారం నుండి రావద్దు" అని పంపివేసినది మేమే. తరగతి నెమ్మదించింది, మేమూ ఊపిరి పీల్చుకున్నాము. ఆరు నెలలు తిరగకుండానే అతడు చెరువు గట్టున పెద్ద కుర్రాళ్లతో బీడీ కాలుస్తూ కనబడ్డాడు. పదహారో ఏట పొలాల్లో మోటారు వైర్లు దొంగిలించిన కేసు. ఇప్పుడు మందు లేనిదే అతనికి నిద్ర పట్టదు. అందుచేత ఆ తల్లికి వెంటనే ఏ జవాబూ చెప్పలేకపోయాము.

పసిపిల్లలు కొట్టడం, కొరకడం వింత కాదు. రెండు నుండి నాలుగేండ్ల మధ్య అది మిక్కిలి ఎక్కువగా ఉంటుంది. మాటలు వచ్చి, తన వంతు కోసం ఆగడం నేర్చుకున్న కొద్దీ చాలామంది మానుకుంటారు. బడిలో చేరిన తరువాత కూడా మానని కొద్దిమందిని గూర్చియే మన ఆలోచన.

అమెరికాలో షికాగో నగరంలో ఉడ్‌లాన్ అనే బీదల పేట ఉన్నది. 1966-67లో షెప్పర్డ్ కెల్లం అనే వైద్యుడు, ఆయన తోటివారు అక్కడి ఒకటవ తరగతి పిల్లలు 1,242 మంది నడవడిని వారి టీచర్లను అడిగి వ్రాసుకున్నారు. సుమారు పదేండ్ల తరువాత వారిలో అనేకులను మళ్లీ వెదకి పలుకరించారు. ఆరేండ్లప్పుడు తగవులమారిగా ఉన్న మగపిల్లలలో సిగరెట్టు, సారాయి, గంజాయి అలవాట్లు ఇతరులకన్న ఎక్కువగా కనబడ్డాయి. సిగ్గరిగా మాత్రమే ఉన్నవారిలో తక్కువ. అయితే ఎవరితో కలవక ఒంటరిగా ఉంటూ, కదిలిస్తే కొట్టే పిల్లల సంగతే అందరికన్న కష్టంగా తేలింది. ఆడపిల్లలలో ఈ లంకె అంత స్పష్టంగా లేదు. కొట్టే ప్రతి పిల్లవాడూ చెడిపోయాడని కాదు సుమా!

ఈ లంకె ఎలా పడుతుంది? కొట్టేవానిని మంచి పిల్లలు ఆటకు రానివ్వరు. టీచరు వెనుక బెంచీకి పంపుతుంది. చదువు వెనకబడుతుంది. బడి అంటే రోత పుడుతుంది. అప్పుడు వానిని "రారా" అని పిలిచేది తనలాగే వెళ్లగొట్టబడిన పెద్ద కుర్రాళ్లే. ఖైనీ, గుట్కా, కల్లు వారి దగ్గర దొరుకుతాయి. ఇక చుట్టల కొరకు, బీడీల కొరకు కొడుకునే కొట్టుకు పంపే తండ్రులు మన సంఘాలలో కూడా ఉన్నారు. పద్దెనిమిదేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదని 2003 నుండి చట్టమున్నది. ఆ సంగతి కొట్టువానికీ తెలియదు, తండ్రికీ పట్టదు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని చాలామంది బెత్తం తీస్తారు. సామెతల గ్రంథంలోని బెత్తాన్ని మాకు గుర్తుచేసేవారూ ఉన్నారు. కాని కొట్టవద్దని చెబుతూ కొట్టే తండ్రి దగ్గర పిల్లవాడు నేర్చుకునేది కొట్టడమే. ఈ ఇరవై ఏండ్లలో మేము చూచిన ఇండ్లలో దెబ్బల వలన నెమ్మది నేర్చినవాడు ఒక్కడూ లేడు.

అదే కెల్లం గారు 1985లో బాల్టిమోర్ నగరపు బడులలో ఒక ఆట పెట్టించారు. టీచరు తరగతిని జట్లుగా చేస్తుంది. అల్లరి పిల్లలందరినీ ఒకే జట్టులో వేయక, తలా ఒక జట్టుకు పంచుతుంది. లేవకూడదు, కొట్టకూడదు వంటి నియమాలు గోడమీద ఉంటాయి. ఎవడు తప్పినా వాని జట్టు పేరున బోర్డుమీద ఒక గీత పడుతుంది. నాలుగు గీతలు మించని జట్లన్నీ గెలిచినట్లే. మొదట పది నిమిషాలే ఆడించేవారు. ఎవరినీ బయటికి పంపరు, ఎవరినీ కొట్టరు. ఆ పిల్లలకు 19-21 ఏండ్లు వచ్చాక చూస్తే, మామూలు తరగతులలో చదివిన మగపిల్లలలో 38 శాతం మంది మత్తుమందుల వ్యసనంలో పడగా, ఆట ఆడిన వారిలో 19 శాతమే. ఎక్కువ మేలు పొందినది ఆరేండ్లప్పుడు అందరికన్న దుడుకుగా ఉన్నవారే!

ఈ సంగతి మా సండేస్కూలు టీచరమ్మకు చెప్పాము. "ఒక చాక్‌పీసు చాలు కదండీ" అన్నది. ఆ తల్లిని కూడా కూర్చోబెట్టి, వాణ్ణి తరగతి నుండి పంపివేయమని మాట ఇచ్చాము. ఇంట్లో వాని తండ్రితో మాట్లాడడానికి రెండు సాయంత్రాలు వెళ్లాము. మొదటి సాయంత్రం ఆయన లేచి వెళ్లిపోయాడు. రెండవసారి కూర్చున్నాడు.

మొన్న ఆదివారం మూడు జట్లు ఆడాయి. మన పిల్లవాని జట్టుకు అయిదు గీతలు, అందులో మూడు వానివే. జట్టు ఓడింది. వాడు మూతి ముడుచుకున్నాడు గాని ఎవరి మీదా చేయి చేసుకోలేదు. ప్రార్థన అయ్యాక టీచరమ్మ దగ్గరికి వెళ్లి, "వచ్చే వారం ఆ గీతలు ఉంటాయా, చెరిపేస్తారా?" అని అడిగాడట. చెరిపేస్తానన్నదట.